పోచంపల్లి బుటాలతో రెండు రంగుల కౌల్: ముడుచుకుపోకుండా అల్లడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు మిర్యాలగూడలో ఉంటారు. షికాగోలో ఉన్న మీ అక్కకు క్రిస్మస్ సెలవులకల్లా రంగురంగుల కౌల్, అంటే మెడకు తొడుక్కునే గుండ్రటి మఫ్లర్, అల్లి పంపాలనుకున్నారు. నార్వే నక్షత్రం డిజైన్ చూసి మెరూన్ మీద ముదురు ఆకుపచ్చతో మొదలుపెట్టారు. రెండు రంగులు కలిసిన చోటల్లా అల్లిక ముడుచుకుపోయింది. తల దూరడం లేదు. నక్షత్రం కూడా దగ్గర పెట్టుకుని చూస్తే తప్ప కనబడడం లేదు. "నా చెయ్యే బిగువు, ఇది నాకు రాదేమో" అని రాశారు. దాని బదులు మన పోచంపల్లి డిజైన్ వేయవచ్చా అని కూడా అడిగారు.

చెల్లెమ్మా, వేయవచ్చు. మొదటిసారి రెండు రంగులు అల్లేవాళ్లకు ఆ నక్షత్రం కంటే పోచంపల్లి బుటానే సులువు. ఎందుకో కింద చెప్తాను. చెయ్యి బిగువు అన్న మాట మాత్రం పక్కన పెట్టండి. ఒక్క రంగుతో మీరు అల్లిన స్వెటర్లు బాగానే వచ్చాయని మీరే రాశారు కదా. మీ చేతికి ఏ లోపమూ లేదు.

మహబూబ్‌నగర్‌లో మా చర్చి స్త్రీల సమాజంలో ఏటా చలికాలానికి ముందు అల్లిక నేర్పుతుంటాను. రంగుల అల్లిక పాడైందని ఎవరు తెచ్చినా నేను ముందు వైపు చూడను, తిరగేసి వెనుక వైపు చూస్తాను. జబ్బు ఎప్పుడూ అక్కడే ఉంటుంది. మీరూ ఒకసారి తిరగేసి చూడండి. ఒకే చుట్టులో రెండు రంగులు అల్లుతున్నప్పుడు, వాడని రంగు దారం కుట్ల వెనుక నుంచి అడ్డంగా వెళ్తుంది. దాన్ని వెనుక దారం అందాం. నిట్ కుట్టు, అంటే అల్లికలో మామూలు సాదా కుట్టు, ఉచ్చులా ఉంటుంది కాబట్టి లాగితే సాగుతుంది. వెనుక దారం మాత్రం తిన్నగా ఉంటుంది, సాగదు. 5 కుట్ల వెడల్పు దాటాల్సిన దారాన్ని మీరు 3 కుట్లకు సరిపడా పొడవే వదిలారనుకోండి, అది ఆ 5 కుట్లనూ దగ్గరకు లాగేసుకుంటుంది. అలా చుట్టంతా లాగితే ముందు వైపు ముడతలు పడతాయి, తల దూరేంత చుట్టుకొలత మిగలదు. మీరు చెప్పిన మూడు ఇబ్బందుల్లో రెండింటికి కారణం ఇదొక్కటే. మూడోది రంగులది.

మరి వెనుక దారం ఎంత వదలాలి? కొలిచి వదలక్కర్లేదు. రంగు మార్చబోయే ముందు చేయాల్సిన పని ఒకటుంది. అది చేతికి అలవాటైతే చాలు. అల్లిన కుట్లు కుడి సూది మొన దగ్గర గుంపుగా పోగవుతాయి. సూది మొనే సన్నం కాబట్టి అక్కడ కుట్లు ఒకదాన్నొకటి నొక్కుకుని ఉంటాయి. మీరు ఆ గుంపు వెనుక నుంచి రెండో రంగు తెచ్చి కుట్టు వేస్తే, దారం గుంపు వెడల్పుకే సరిపోతుంది. కాబట్టి కొత్త రంగుతో కుట్టు వేసే ముందు కుడి చేతి వేళ్లతో చివరి ఏడెనిమిది కుట్లను సూది లావు భాగం మీదికి జరిపి, అల్లిక అంతటా ఎంత దూరంగా ఉంటాయో అంత దూరానికి పరచండి. పరిచిన చోట బొటనవేలితో నొక్కి పట్టుకుని, అప్పుడు కొత్త రంగు తెచ్చి మొదటి కుట్టు వేయండి. ఆ కుట్టు పడేదాకా బొటనవేలు తీయకండి. నాలుగైదు చుట్లు అయ్యాక వెనుక నుంచి చూపుడు వేలు ఒక దారం కిందకు దూర్చండి. వేలు తేలిగ్గా దూరాలి, తీసేశాక దారం మళ్లీ అల్లికకు ఆనుకోవాలి. వేలు దూరకపోతే బిగువు. ఉయ్యాల తాడులా వేలాడితే వదులు, కౌల్ తొడుక్కునేటప్పుడు చెవి కమ్మలో చిక్కుకుంటుంది. రెండింట్లో ఏదో ఒకటి తప్పదంటే మొదటిసారి కాస్త వదులువైపే ఉండండి. వదులు దారాన్ని ఉతికాక సర్దుకోవచ్చు, బిగువు దారాన్ని విప్పడం తప్ప మార్గం లేదు.

ఇంత చేసినా బిగుస్తుంటే ఇంకో ఉపాయం ఉంది. గుండ్రంగా అల్లేటప్పుడు బుటాలు కనిపించే వైపు బయటకు ఉంటుంది, వెనుక దారాలు లోపల ఉంటాయి. అల్లికను తిరగేసి, మంచి వైపు లోపలికి, దారాలు బయటికి వచ్చేలా పెట్టుకుని, సూదులు మీకు అవతలి అంచున ఉండగా అల్లండి. కుట్టు అదే నిట్ కుట్టు, మార్పేమీ లేదు. దారాలు గుండ్రానికి బయటి వైపు నుంచి తిరిగి వస్తాయి కాబట్టి వాటంతట అవే కొంచెం పొడవుగా పడతాయి. బిగువుగా అల్లేవాళ్లకు నేను మొదటి రోజే ఇది నేర్పేస్తాను.

వెనుక దారం 5 కుట్లు దాటి వెళ్లాల్సి వస్తే మధ్యలో ఒకచోట దాన్ని అల్లే దారంతో మెలిపెట్టి పట్టుకోవాలి. 5 కుట్లు అంటే మామూలు ఊలులో దాదాపు ఒక అంగుళం. పట్టుకునే చోటు ప్రతి చుట్టులోనూ ఒకే కుట్టు మీద పడకూడదు. అలా పడితే ముందు వైపు నిలువు గీత కనిపిస్తుంది, ముదురు రంగు లేత రంగు సందుల్లోంచి తొంగిచూస్తుంది. ఇదంతా కొత్తవాళ్లకు తలనొప్పి. అసలు 5 దాటని డిజైన్ ఎంచుకుంటే ఈ గొడవే ఉండదు. నార్వేలో సెల్బు అనే ఊరి చేతి తొడుగుల మీద పేరుపొందిన ఎనిమిది రేకల నక్షత్రం చాలా అందమైనదే. కానీ దాని రేకల మధ్య ఖాళీలు పెద్దవి, చాలా చుట్లలో దారాన్ని పట్టుకోవాల్సి వస్తుంది. స్కాట్లండ్‌కు ఉత్తరాన షెట్లండ్ దీవుల్లో ఉన్న ఫెయిర్ ఐల్ వాళ్ల పద్ధతిలో ఎన్ని రంగులున్నా ఒక చుట్టులో రెండే వాడతారు. బుటాలు చిన్నవి, రంగులు వెంటవెంటనే మారతాయి. చలి దేశాల వాళ్లు ఇలా అల్లడానికి అందం ఒక్కటే కారణం కాదు. వెనుక దారాలతో బట్ట రెండు పొరలు అవుతుంది, వెచ్చదనం పెరుగుతుంది. షికాగో గాలికి మీ అక్కకు కావలసింది అదే.

ఇక రంగుల సంగతి. మెరూన్, ముదురు ఆకుపచ్చ చూడ్డానికి క్రిస్మస్ రంగులే, మన పట్టుచీరల్లోనూ జోడీగా బాగుంటాయి. కానీ చీరలో అవి పెద్ద పెద్ద భాగాలుగా, మధ్యలో జరీతో విడిగా ఉంటాయి. అల్లికలో ఒక్కో కుట్టు అర సెంటీమీటరు కూడా ఉండదు. అంత చిన్న చుక్కల్లో కన్ను రంగు పేరు కంటే ముందు వెలుగునీ చీకటినీ చూస్తుంది. రెండూ ముదురే అయితే బుటా మునిగిపోతుంది. ఊలు ఉండలు రెండూ పక్కపక్కన పెట్టి ఫోన్‌లో ఫోటో తీసి, దాన్ని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. మీ మెరూన్, ఆకుపచ్చ ఒకే బూడిద రంగులో కనిపిస్తాయి. షాపులో నిలబడే ఈ పరీక్ష చేయవచ్చు, డబ్బు ఇవ్వకముందే చేయాలి.

మంచి జోడీ కోసం దూరం వెళ్లనక్కర్లేదు. మీ పాత నల్గొండ జిల్లాలోనిదే పుట్టపాక, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. అక్కడి తేలియా రుమాలు రంగులు చూడండి: ఎరుపు, నలుపు, తెలుపు. మూడింటిలో ఏ రెండు పక్కన పడినా గీత స్పష్టంగా తెలుస్తుంది, ఎరుపు నలుపు జోడీ ఒక్కటే కాస్త బలహీనం. అందుకే నేనైతే మీ కౌల్‌కు అడుగు రంగుగా మీగడ తెలుపు, బుటాలకు ఎరుపు, ఒక్క వరుసకు నలుపు అంటాను. పండుగ కళ ఇంకాస్త కావాలంటే బతుకమ్మను తలచుకోండి. ఒక్కో వరుస ఒక్కో పువ్వుతో చుట్టూ పేర్చుకుంటూ పైకి వెళ్తాం కదా, కౌల్ కూడా అలాగే కింది నుంచి పైకి చుట్లు చుట్లుగా పెరుగుతుంది. ముదురు నీలం అడుగు రంగు మీద కింది వరుస తంగేడు పసుపు, మధ్య వరుస గునుగు తెలుపు, పై వరుస బంతి నారింజ. ముదురు మీద మూడూ లేతే, ఏదీ మునగదు. ఎన్ని రంగులు కొన్నా ఏ చుట్టులోనైనా చేతిలో రెండే ఉంటాయి. వరుస మారినప్పుడు మాత్రమే బుటా రంగు మారుతుంది.

రంగు బాగా కనబడడానికి ఇంకో కిటుకు ఉంది. ఇది చాలామందికి తెలియదు, తెలిసినా పట్టించుకోరు. వెనుక వెళ్లే రెండు దారాల్లో ఒకటి పైన, ఒకటి కింద వెళ్తుంది. కింది నుంచి వచ్చే దారం కుట్లు కాస్త పెద్దవిగా పడి ముందుకు పొంగుతాయి. కాబట్టి బుటా రంగు ఎప్పుడూ కింది నుంచి రావాలి, అడుగు రంగు పై నుంచి. రెండు చేతులతో అల్లేవాళ్లు బుటా రంగు ఎడమ చేతిలో, అడుగు రంగు కుడి చేతిలో పట్టుకుంటే అదే సరిపోతుంది. రెండూ కుడి చేతిలోనే పట్టుకునేవాళ్లు ఉండలను రెండు పక్కలా విడిగా పెట్టుకుని, బుటా దారం కింది నుంచే తేవడం అలవాటు చేసుకోవాలి. మధ్యలో చేతులు మారిస్తే ఆ వరుస నుంచి బుటాల పొంగు మారిపోయి తెలిసిపోతుంది. సగం అల్లి పడుకుని, మర్నాడు మొదలుపెట్టేటప్పుడే ఎక్కువమంది దీన్ని తారుమారు చేస్తుంటారు. ఏ రంగు ఏ చేతిలో అన్నది చీటీ రాసి సంచిలో వేసుకోండి.

డిజైన్‌కు వద్దాం. పోచంపల్లి చిటికి పనిలో నేయకముందే నూలు కట్టలను కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు ఎక్కదు, అలా బుటా దారంలోనే పుడుతుంది. నేతలో దారాలు కొంచెం అటూ ఇటూ జరగడం వల్ల బుటా అంచులు ఈకల్లా మసకగా ఉంటాయి. అల్లికలో ఆ మసక తేవాలని ప్రయత్నించకండి, రాదు. అల్లికలో అంచు మెట్లు మెట్లుగానే వస్తుంది. చిటికి పని నుంచి మనం తీసుకోవలసింది అమరిక: డైమండ్, దాని మధ్యలో కన్ను, రెండు డైమండ్ల మధ్య చుక్క. ఈ చుక్కలు అందానికే కాదు, మనకు వెనుక దారం పొడవు తగ్గించే పని కూడా చేస్తాయి. అందుకే ఇది నక్షత్రం కంటే సులువు అన్నాను.

8 కుట్లకొకసారి తిరిగివచ్చే 7 చుట్ల డైమండ్ ఇది. ఒక్కో చుట్టులో రాసిన 8 కుట్లను చివరిదాకా మళ్లీ మళ్లీ అల్లాలి. కింద అడుగు అంటే అడుగు రంగు కుట్టు, బుటా అంటే బుటా రంగు కుట్టు.

చుట్టు 1: 3 అడుగు, 1 బుటా, 3 అడుగు, 1 బుటా.
చుట్టు 2: 2 అడుగు, 3 బుటా, 3 అడుగు.
చుట్టు 3: 1 అడుగు, 5 బుటా, 2 అడుగు.
చుట్టు 4: 3 బుటా, 1 అడుగు, 3 బుటా, 1 అడుగు.
చుట్టు 5 మూడోదానిలా, 6 రెండోదానిలా, 7 మొదటిదానిలా.

నాలుగో చుట్టు మధ్యలో పడే ఒక్క అడుగు రంగు కుట్టే డైమండ్ కన్ను. ఎక్కడా వెనుక దారం 5 కుట్లు దాటదు, దేన్నీ మెలిపెట్టనక్కర్లేదు. గ్రాఫ్ పేపర్ మీద గీసుకుని చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. అయితే గ్రాఫ్‌లో గడి చతురస్రం, అల్లికలో కుట్టు ఎత్తు కంటే వెడల్పు ఎక్కువ. 7 గళ్ల వెడల్పు, 7 గళ్ల ఎత్తు ఉన్న ఈ డైమండ్ అల్లాక సుమారు 3.2 సెం.మీ. వెడల్పు, 2.7 సెం.మీ. ఎత్తు వస్తుంది. చుక్కల ముగ్గులు చూసి సొంత బుటాలు గీసుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి, లేకపోతే గీసిన గుండ్రటి పువ్వు అల్లాక కోడిగుడ్డును అడ్డంగా పెట్టినట్టు వస్తుంది.

పైనా కిందా అంచుకు గద్వాల చీరల్లో కనిపించే గుడి అంచు చిన్నగా వేద్దాం. 4 కుట్లకొకసారి తిరిగివచ్చేది: మొదటి చుట్టు మొత్తం బుటా రంగు, రెండో చుట్టు 3 బుటా, 1 అడుగు, మూడో చుట్టు 1 అడుగు, 1 బుటా, 2 అడుగు. పై అంచులో ఇదే వెనుక నుంచి ముందుకు అల్లితే గోపురాలు కిందికి చూస్తాయి.

ఊలు, సూదులు. మన నల్గొండ, మహబూబ్‌నగర్ ఫ్యాన్సీ స్టోర్లలో వర్ధమాన్, ఓస్వాల్ వంటి కంపెనీల ఉండలు దొరుకుతాయి, ఎక్కువ భాగం యాక్రిలిక్. మొదటి కౌల్‌కు యాక్రిలిక్ తప్పేమీ కాదు. అక్కడ బట్టలు మెషీన్‌లో ఉతికి డ్రయ్యర్‌లో ఆరబెడతారు. స్వచ్ఛమైన ఊలును వేడినీళ్లలో తిప్పితే పోగులు పెనవేసుకుని కౌల్ చిన్నపిల్లల టోపీ అంత అవుతుంది. ఖర్చు పెట్టగలిగితే సూపర్‌వాష్ మెరినో తెప్పించుకోండి, మెషీన్ ఉతుక్కి తట్టుకునేలా శుద్ధి చేసిన ఊలు అది, మెడకు మెత్తగా ఉంటుంది. కాటన్ వద్దు. బరువు, సాగుడు లేదు, వెనుక దారాల బిగువు అంతా ముందుకు కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

మన పాలమూరు గొర్రెల ఊలుతో అల్లవచ్చా అని నన్ను చాలామంది అడుగుతుంటారు, అందుకే ఇక్కడే చెప్తున్నాను. దక్కనీ గొర్రె ఊలు ముతక. కురుమలు దాన్ని వడికి, నేసి, చింతగింజల గంజి పట్టించి చేసే గొంగడికి సాటి లేదు, వానకీ చలికీ ఒక్కటే చాలు. కానీ అదే దారం మెడ చర్మానికి తగిలితే గుచ్చుకుంటుంది. అది కప్పుకునే ఊలు, మెడకు చుట్టుకునేది కాదు.

ఉండ లేబుల్ మీద 4 మి.మీ. సూది సూచించిన మందం ఊలు తీసుకోండి, దాన్నే డబుల్ నిట్ అంటారు. అడుగు రంగు 100 గ్రాములు, బుటా రంగులు ఒక్కోటి 50 గ్రాములు కొంటే మిగులుతుంది తప్ప తక్కువ పడదు. అడుగు రంగు ఉండలన్నీ ఒకే లాట్ నంబరువి, అంటే ఒకేసారి రంగు వేసినవి, చూసుకోండి.

సూది నంబర్ల దగ్గర జాగ్రత్త. మీరు చూసిన డిజైన్ అమెరికా వాళ్లదైతే అందులో 8 నంబరు అంటే 5 మి.మీ. మన షాపుల్లో దొరికే పోనీ కంపెనీ సూదుల మీద 8 అంటే 4 మి.మీ. అక్కడ నంబరు పెరిగితే సూది లావు, ఇక్కడ నంబరు పెరిగితే సన్నం. మీ అల్లిక బిగియడానికి ఇదీ ఒక కారణం అయ్యుండొచ్చు. కాబట్టి నంబరు అడగకండి, మిల్లీమీటర్లు అడగండి. మీకు కావలసినవి రెండు సర్క్యులర్ సూదులు, అంటే రెండు మొనల మధ్య వంగే తీగ ఉన్నవి, రెండూ 40 సెం.మీ. పొడవువి: అంచులకు 3.25 మి.మీ., బుటాలకు 4 మి.మీ. 60 సెం.మీ.ది, 80 సెం.మీ.ది ఇస్తే తీసుకోవద్దు. సూది పొడవు కౌల్ చుట్టుకొలత కంటే తక్కువ ఉండాలి, లేకపోతే కుట్లు సూది చుట్టూ సాగిపోయి తిరగవు. మీ ఊళ్లో దొరక్కపోతే హైదరాబాద్ సుల్తాన్ బజార్ వైపు ఎవరైనా వెళ్తే తెప్పించుకోండి, లేదా ఆన్‌లైన్‌లో కొనండి. రెండు తిన్నని సూదులతో అటూ ఇటూ అల్లి తర్వాత కుట్టుకోవచ్చు కదా అని రాశారు. వద్దు. అప్పుడు రెండో వరుసంతా పర్ల్ వైపు, అంటే వెనుక వైపు, నుంచి రెండు రంగులతో అల్లాలి, బుటా కనబడదు, టెన్షన్, అంటే కుట్ల బిగువు, వరుసకో రకంగా మారుతుంది. గుండ్రంగా అయితే అన్నీ నిట్ కుట్లే, బుటా ఎప్పుడూ కళ్ల ముందే ఉంటుంది.

శాంపిల్ ముక్క అల్లకుండా మొదలుపెట్టకండి. 4 మి.మీ. సర్క్యులర్ సూది మీద 32 కుట్లు ఎక్కించండి, అంటే 4 డైమండ్లు. గుండ్రంగా కలపవద్దు. ఒక వరుస నిట్ అల్లాక తిప్పకుండా కుట్లను సూది రెండో చివరకు జరిపి, దారాలను వెనుక నుంచి బాగా వదులుగా తెచ్చి, మళ్లీ కుడి అంచు నుంచి నిట్ అల్లండి. ఇలా అల్లితే మీరు గుండ్రంగా అల్లినప్పుడు వచ్చే టెన్షనే వస్తుంది. డైమండ్ మూడుసార్లు వచ్చేదాకా అల్లి, ఉతికి, ఆరాక మధ్యలో 10 సెం.మీ. వెడల్పులో ఎన్ని కుట్లున్నాయో లెక్కపెట్టండి. 22 వస్తే నా లెక్క సరిగ్గా సరిపోతుంది: 128 కుట్లు, చుట్టుకొలత సుమారు 58 సెం.మీ. పెద్దవాళ్ల తల చుట్టుకొలత మామూలుగా 56, 57 ఉంటుంది. ఒక్క రంగు అల్లికైతే 50 సెం.మీ. అయినా సాగి దూరుతుంది, ఇది సాగదు కాబట్టి తల కంటే కాస్త ఎక్కువే ఉండాలి. మీకు 24 కుట్లు వస్తే 128తో 53 సెం.మీ.నే అవుతుంది, తల పట్టదు. అప్పుడు 144 ఎక్కించండి, లేదా 4.5 మి.మీ. సూదికి మారండి. 20 వస్తే 120 చాలు. పెంచినా తగ్గించినా 8 చొప్పునే, డైమండ్ తెగకుండా.

శాంపిల్ ఉతికేటప్పుడే రంగు పరీక్ష కూడా అయిపోవాలి. తడి ముక్కను తెల్ల గుడ్డలో పెట్టి గట్టిగా నొక్కండి. ఎరుపు దిగితే ఆ ఎరుపును తెలుపు పక్కన వాడకండి. వెనిగర్ వేస్తే ఆగుతుంది, ఉప్పు వేస్తే ఆగుతుంది అని ఎవరైనా చెప్తే నమ్మి పండుగ బహుమతి మీద ప్రయోగం చేయకండి. ఉండ మార్చుకోవడమే మేలు.

ఇక అల్లిక. 3.25 సూది మీద అడుగు రంగుతో 128 కుట్లు వదులుగా ఎక్కించండి. గుండ్రంగా కలిపే ముందు కుట్ల అడుగు అంచు అంతా సూది లోపలి వైపే చూస్తోందా అని బల్ల మీద పెట్టి చూడండి. ఒక్క మెలిక పడినా విప్పడం తప్ప దారి లేదు. మొదలు దగ్గర మార్కర్, అంటే గుర్తు రింగు, వేసి, 2 నిట్ 2 పర్ల్‌తో 8 చుట్లు అల్లితే అంచు చుట్టుకుపోకుండా నిలుస్తుంది. 4 మి.మీ. సూదికి మారి 2 చుట్లు సాదా నిట్, గుడి అంచు 3 చుట్లు, సాదా 2, డైమండ్ 7, సాదా 2, డైమండ్ 7, సాదా 2, డైమండ్ 7, సాదా 2, తిరగేసిన గుడి అంచు 3, సాదా 2. మొత్తం 39 చుట్లు, సుమారు 15 సెం.మీ. మళ్లీ 3.25 సూదికి మారి 8 చుట్లు అంచు. అన్నీ కలిపి 21 సెం.మీ. ఎత్తు, గడ్డం కింది నుంచి కాలర్ దాకా మూసుకుంటుంది. మధ్యలో సాదా చుట్లు రెండు కంటే పెంచకండి. అక్కడ వెనుక దారం లేదు కాబట్టి అల్లిక వదులుగా ఉబ్బి, పట్టీలు పట్టీలుగా కనిపిస్తుంది. చివర కుట్లు మూసేటప్పుడు 4 మి.మీ. సూదితో మూయండి, ఎక్కించిన అంచు ఎంత సాగుతుందో ఇదీ అంతే సాగాలి.

గుండ్రంగా అల్లడమంటే నిజానికి మెట్లు లేని చుట్టు మెట్ల దారి ఎక్కడమే, అందుకే చుట్టు మొదలు, చివర కలిసే చోట గుడి అంచు గీత ఒక కుట్టు ఎత్తు తేడాతో విరిగినట్టు కనబడుతుంది. కొత్త రంగుతో ఒక చుట్టు పూర్తయ్యాక రెండో చుట్టు మొదటి కుట్టు దగ్గర, దాని కింద ఉన్న పాత రంగు కుట్టు కుడి కాలును, అంటే కుడి వైపు పోగును, ఎడమ సూది మీదికి ఎత్తి, రెండింటినీ కలిపి ఒకే నిట్‌గా అల్లండి. విరుపు చాలావరకు సర్దుకుంటుంది. పూర్తిగా పోవాలని పంతం పట్టకండి, ఆ చోటు మెడ వెనుక వైపు ఉంటుంది, జుట్టు కిందకు పోతుంది.

ఎంత సమయం పడుతుందని అడిగారు. మొత్తం 7,000 కుట్లు. రోజుకు గంట కూర్చుంటే రెండు వారాల్లో అయిపోతుంది. క్రిస్మస్ ముందు పార్సిళ్ల రద్దీ ఎక్కువ కాబట్టి నవంబరు నెలాఖరుకు కౌల్ ఆరి మడతపెట్టే స్థితిలో ఉండేలా మొదలుపెట్టండి.

అల్లాక కొసలను వెనుక వైపు అదే రంగు కుట్లలో దూర్చండి, కత్తిరించడం మాత్రం ఉతికాకే. షాంపూ చుక్క వేసిన చల్లటి నీళ్లలో 20 నిమిషాలు ముంచి ఉంచండి, పిండకుండా పొడి టవల్‌లో చుట్టి నొక్కండి. దండెం మీద వేస్తే తడి బరువుకు సాగుతుంది. దాదాపు 18 సెం.మీ. వెడల్పున్న గుండ్రటి ప్లాస్టిక్ డబ్బా వంటింట్లో ఉంటే దానికి తొడిగి నీడలో ఆరబెట్టండి, పక్కల మడత గీత పడదు, డైమండ్లన్నీ తిన్నగా నిలబడతాయి. యాక్రిలిక్ అయితే ఇస్త్రీ పెట్టె దగ్గరికి కూడా తేకండి, ఒక్కసారి వేడి తగిలితే ఆ చోటు జీవం పోయి అతుక్కుపోతుంది, మళ్లీ రాదు.

శాంపిల్ ముక్క ముందు వైపు, వెనుక వైపు రెండూ ఫోటో తీసి పెట్టండి. 10 సెం.మీ.లో ఎన్ని కుట్లు వచ్చాయో కూడా రాయండి. కుట్ల సంఖ్య మార్చాలో సూది మార్చాలో చూసి చెప్తాను.